ఇంజెక్షన్ వేసుకునేవాళ్ళ కోసం వండి పంపే క్యారేజీ: కొన్ని నెలలు తిన్నాక నా మాట

బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడేవాళ్ళ కోసమని విడిగా వండి క్యారేజీ పంపేవాళ్ళు ఈమధ్య హైదరాబాద్‌లో అక్కడక్కడా కనిపిస్తున్నారు. మా కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు వైపు ఒకావిడ ఇంట్లోనే నడుపుతున్న వంటింటి నుంచి నేను కొన్ని నెలలుగా మధ్యాహ్నం భోజనం తెప్పించుకుంటున్నాను. మంచీ చెడూ రెండూ రాస్తున్నాను, పైగా వాళ్ళది చిన్న వ్యాపారం, అందుకని పేరు రాయడం లేదు. మీ దగ్గర ఇలాంటిది ఎవరైనా మొదలుపెడితే డబ్బు కట్టేముందు ఏం చూడాలో, ఏం అడగాలో తెలిస్తే చాలు. ఒక్కమాట ముందే చెప్పేస్తాను: నేను ఇంకా తెప్పించుకుంటూనే ఉన్నాను, మానే ఉద్దేశం లేదు, కానీ వాళ్ళ కాగితం మీద ఉన్న ప్రొటీన్ లెక్కని మాత్రం ఉన్నదున్నట్టు నమ్మకండి.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. యాభై దాటాయి, షుగర్ ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి. డాక్టరుగారు టిర్జెపటైడ్ రాశారు, అదే 2025 మార్చిలో మౌంజారో పేరుతో మన దేశానికి వచ్చిన మందు. వారానికోసారి పొట్ట మీద చర్మం కిందికి వేసుకోవడం, మొదటి నాలుగు వారాలు 2.5 మిల్లీగ్రాములు, తర్వాత 5. మనం తిన్నాక పేగుల్లోంచి వచ్చే జీఎల్‌పీ-1, జీఐపీ అనే రెండు హార్మోన్లు చేసే పనిని ఇది చేస్తుంది. కడుపు నిండిందన్న కబురు మెదడుకి తొందరగా అందుతుంది, కడుపులోంచి అన్నం కిందికి జారడం నెమ్మదిస్తుంది. పొద్దున రెండిడ్లీలు తింటే మధ్యాహ్నం రెండైనా ఆకలి అనేదే గుర్తురాదు. మందు పనిచేస్తోందని సంతోషపడాల్సిందే, కానీ ఒకటి ఆలోచించండి. అంతకుముందు తినేదాంట్లో సగమే తింటున్నప్పుడు ఆ సగంలో ఏముంది? మన తిండి తెలిసిందే కదా, ఆ సగం కూడా అన్నమో, ఇడ్లీయో, ఉప్మానో అయితే ఒంటికి కావాల్సిన ప్రొటీన్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇది నా సొంత భయమేం కాదు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అందరూ ఎన్ఐఎన్ అనేది, 2024లో భారతీయుల కోసం ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఇదే చెప్పింది. మనకి రోజూ వచ్చే శక్తిలో 50 నుంచి 70 శాతం ధాన్యాల నుంచే వస్తోందట, అది 45 శాతం దాటకూడదట. పప్పులు, మాంసం, చేపలు అన్నీ కలిపి 14 శాతం ఇవ్వాల్సింది 6 నుంచి 9 శాతమే ఇస్తున్నాయట. మామూలుగా కడుపునిండా తినేవాళ్ళ సంగతే ఇలా ఉంటే, ఆకలి చచ్చిపోయి నాలుగు ముద్దలతో లేచిపోయేవాళ్ళ సంగతి ఇంకెంత ఘోరంగా ఉంటుందో చూసుకోండి. అందుకే ఈ మందు వాడేటప్పుడు ఎంత తగ్గించి తిన్నాం అన్నది కాదు, మొదటి పది ముద్దల్లో ఏముంది అన్నదే లెక్క. ఆ పది ముద్దల తర్వాత ఎలాగూ తినలేం.

ఈ వంటింటావిడకి ఆ విషయం తెలుసు, నాకు నచ్చింది అదే. వాళ్ళ అన్నయ్య ఈ మందు మొదలుపెట్టి రోజంతా టీ, రెండు బిస్కెట్లతో సరిపెట్టుకుంటుంటే చూడలేక ఆయనకని వండడం మొదలుపెట్టిందట, తర్వాత ఆయన ఆఫీసు వాళ్ళు అడిగారట, అలా పెరిగింది. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు వెజ్జా నాన్‌వెజ్జా అని అడిగేముందే "మేడమ్, ఇంజెక్షన్ ఏ రోజు వేసుకుంటారు?" అని అడిగింది. తర్వాత షుగర్ మాత్రలేమైనా వాడుతున్నారా, కిడ్నీ ఇబ్బంది ఏమైనా ఉందా, డాక్టరు చీటీ వాట్సాప్‌లో పెట్టండి అని. డాక్టరు రాయకుండా ఎవరో చెప్పారని తెచ్చుకుని వేసుకునేవాళ్ళకి వండనని కూడా చెప్పింది. ఆ ఒక్క మాటతోనే నాకు సగం నమ్మకం కుదిరింది.

క్యారేజీ మూడు గిన్నెల స్టీలుది, మామూలు ఆఫీసు క్యారేజీ కన్నా చిన్నది. పై గిన్నెలో కూర, అంటే చికెనో, చేపో, గుడ్డో, పనీరో. మధ్య గిన్నెలో ఒకవైపు గట్టి పప్పు, ఒకవైపు ఆకుకూరో దొండకాయో బీరకాయో. అన్నం అన్నిటికన్నా కింద గిన్నెలో, రెండు చిన్న గరిటెలంత, పక్కనే మూత డబ్బాలో పెరుగు. మూత మీద పెన్నుతో "పైనుంచి కిందికి తినండి" అని రాసిన కాగితం అంటించి ఉంటుంది. చూడ్డానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ మన భోజనం వరసనే అది తిరగేసింది. మనం ముందు వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ కలుపుతాం, తర్వాత కూరన్నం, తర్వాత చారు, చివర్లో పెరుగన్నం. మందు వేసుకున్న మనిషికి ఆవకాయన్నం అయ్యేసరికే కడుపు నిండిపోతుంది, కూర గిన్నె ముట్టుకోకుండానే మూతపడుతుంది. ఇక్కడ ముందు కూర ముక్కలు ఉత్తివే తినాలి, తర్వాత పప్పు, కూర చెంచాతో, ఆ తర్వాత ఇంకా ఖాళీ ఉంటే అన్నం. మొదట్లో కూర ఉత్తిదే తినడం చాలా వెలితిగా అనిపించింది, కారం కూడా ఎక్కువనిపించింది. అది ఆవిడతో చెబితే "అన్నంలో కలిపే కూర కాదక్కా ఇది, ఇకనుంచి ఉప్పుకారాలు సగం వేస్తా" అంది, మర్నాటి నుంచి అలాగే వచ్చింది. నిజంగానే అన్నంలోకి వండే కూరకీ ఉత్తిగా తినే కూరకీ ఉప్పు కొలత వేరే ఉండాలి, ఇది మామూలు క్యారేజీ వాళ్ళెవరికీ తట్టదు.

ఇంజెక్షన్ రోజు ఎందుకు అడిగిందో మొదటి వారంలోనే తెలిసింది. ఈ మందు వేసుకున్న ఒకటి రెండు రోజులు చాలామందికి వికారంగా ఉంటుంది, పుల్లటి త్రేన్పులు, పోపు వాసన వస్తేనే కడుపులో తిప్పడం. నూనె ఎక్కువున్న తిండి మామూలుగానే కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది, మందు దాన్ని ఇంకా ఆపుతుంది, అందుకే ఆ రోజుల్లో వేపుళ్ళు, బజ్జీలు, మసాలా గ్రేవీలు తింటే రాత్రిదాకా గొంతులోనే ఉన్నట్టుంటుంది. నాది ఆదివారం రాత్రి. సోమ, మంగళవారాల్లో వీళ్ళు పంపేది అసలు వేరే భోజనం: పలచటి పెసరపప్పు కట్టు, అల్లం జీలకర్ర వేసిన చారు, ఉడికించిన గుడ్లు, మెత్తటి పెరుగన్నం, ఒక్కోసారి ఆవిరి మీద ఉడికించిన కొర్రమీను ముక్క. వాసన లేకుండా, గోరువెచ్చగా. బుధవారం నుంచి మామూలు మెనూ. డోసు పెంచిన వారం ఫోన్ చేసి చెబితే ఇంకో రోజు కూడా తేలికది పంపిస్తారు. ఈ సేవకి నేను పూర్తి మార్కులు వేసేది ఇక్కడే, ఎందుకంటే ఆ రెండు రోజులే మనం ఏమీ తినకుండా గడిపేసేది, ఆ రెండు రోజులూ వారానికోసారి వస్తూనే ఉంటాయి.

మామూలు రోజుల వంటలు చెప్పాలంటే చాలా ఉన్నాయి. గోంగూర చికెన్ నూనె తేలకుండా చేస్తారు, రుచి ఎక్కడికీ పోలేదు. మీల్ మేకర్ కూర బాగా పిండి, అల్లం వెల్లుల్లితో వేయించి పెడతారు, ఆ పచ్చి సోయా వాసన రాదు. అలసందల గుగ్గిళ్ళు బాగుంటాయి. రొయ్యలు, తోటకూర కలిపి వండింది చాలా బాగుంటుంది, నెలలో ఎప్పుడో ఒకసారి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా ఉలవల గురించి చెప్పాలి. మన ఇళ్ళల్లో ఉలవచారు పెట్టి ఉడికిన ఉలవల్ని పశువులకి పెట్టేవాళ్ళు, ఇప్పుడు పశువులు లేవు కాబట్టి పారేస్తున్నారు. ప్రొటీన్, పీచు ఎక్కువ ఉండిపోయేది ఆ ఉలవల్లోనే. ఈవిడ చారు కొంచెం గిన్నెలో పోసి, ఆ ఉలవల్ని ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొబ్బరితో తాలింపు వేసి ఒక గరిటెడు పెడుతుంది. నాకు తెలిసి ఇలా పెట్టే హోటల్ గానీ మెస్ గానీ హైదరాబాద్‌లో నేనెక్కడా చూడలేదు.

ఇప్పుడు లెక్కల సంగతి. వాళ్ళ కాగితం మీద నాన్‌వెజ్ క్యారేజీలో 40 గ్రాముల ప్రొటీన్, వెజ్‌లో 35 అని అచ్చేశారు. మా ఇంట్లో వంటింటి తూకం ఉంది, అదీ కాక ఎన్ఐఎన్ వాళ్ళు 2017లో తెచ్చిన ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ఉన్నాయి, మన దేశంలో తినే 528 రకాలకి లెక్కలు అందులో దొరుకుతాయి. ఒకరోజు కూర గిన్నెలో ముక్కలన్నీ తీసి, ఎముకలు వదిలేసి, కారం రసం ప్లేటులోనే ఉంచి తూకం వేశాను. ఉడికిన చికెన్ 80 గ్రాములు. ఉదారంగా లెక్కేసినా 22, 23 గ్రాముల ప్రొటీన్. పప్పు గట్టిదే, దాంట్లో పచ్చి కందిపప్పు 40 గ్రాములు పడి ఉంటుందనుకుంటే ఎనిమిదిన్నర. పెరుగు 3, అన్నం ఇంకో రెండున్నర. మొత్తం 36, 37 దాకా వచ్చింది. 40 అన్నదానికి పెద్ద తేడా ఏం కాదు, ఇంట్లో వండే దగ్గర ఆ మాత్రం అటూ ఇటూ ఉంటుంది. వెజ్‌ది తూస్తే మాత్రం నాకు కోపం వచ్చింది. పనీరు 60 గ్రాములు, అంటే 11. పప్పు ఎనిమిదిన్నర, పెరుగు 3, అన్నం రెండున్నర. 25! పది గ్రాముల తేడా. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే శాకాహారులు ఆ 35ని నమ్మి, మధ్యాహ్నమే చాలావరకు అయిపోయిందిలే అని రాత్రికి గ్లాసుడు మజ్జిగ తాగి పడుకుంటారు.

ఎంత కావాలి అన్నదాంట్లో కూడా ఒక మాట. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ అని మన ఎన్ఐఎన్ లెక్క, అంటే 55 కిలోల ఆడమనిషికి రోజుకి 46 గ్రాములు. బరువు వేగంగా తగ్గుతున్నప్పుడు అది సరిపోదు. ఈ మందుల మీద ఉన్నవాళ్ళకి కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా అని డాక్టర్లు చెబుతున్నారు, కాకపోతే ఇప్పుడున్న మొత్తం బరువు మీద కాకుండా ఉండాల్సిన బరువుకి దగ్గరగా లెక్కేస్తారు, కిడ్నీ ఇబ్బంది ఉంటే తగ్గిస్తారు. నాకు మా డాక్టరుగారు క్రియాటినిన్, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, చూశాక 75 గ్రాములు అని రాశారు. మధ్యాహ్నం క్యారేజీతో 36 వస్తే, పొద్దున రెండు గుడ్లు 12, రాత్రి ఒక పెసరట్టు 11, సాయంత్రం గుప్పెడు వేరుశనగలు, గ్లాసు పాలు. ఇట్టే సరిపోతుంది. అదే మధ్యాహ్నం 25తో ఆగిపోతే మిగతాది పూడ్చడానికి ఆకలి లేని కడుపుతో రాత్రి కుస్తీ పట్టాలి.

నేను ఈ లెక్క కాగితం మీద రాసి ఫొటో తీసి ఆవిడకి పంపాను. నొచ్చుకుంటుందేమో అనుకున్నాను గానీ సాయంత్రానికి ఫోన్ చేసింది. "నిజమే అక్కా, ఆ నంబరు కాగితం అచ్చేసిన అబ్బాయి నెట్‌లో చూసి వేశాడు, నేను తూచలేదు" అంది. తర్వాతి వారం నుంచి వెజ్ క్యారేజీలో పాతిక గ్రాముల మీల్ మేకర్ కూడా వేస్తున్నారు, దాంతో ఇంకో 13 గ్రాములు కలిశాయి, ఇప్పుడు 35 అన్నా ఒప్పుకుంటాను.  మీరు ఎక్కడ తెప్పించుకున్నా మొదటి వారంలోనే ఒకసారి తూకం వేసుకోండి. తూకం మిషన్ ఖరీదు నాలుగైదు వందలు, ఒక్కసారి కొంటే ఏళ్ళపాటు ఉంటుంది.

నాకు అస్సలు నచ్చనిది డైటీషియన్ ఫోన్. నెల ప్యాకేజీ కడితే ఒక డైటీషియన్‌తో మాట్లాడిస్తామన్నారు. ఆ అమ్మాయి వంటింటి మనిషి కాదు, బయట నుంచి మాట్లాడుకున్నారు. పది నిమిషాల ఫోన్‌లో నాకేం రిపోర్టులున్నాయో అడగకుండానే రోజుకి రెండు స్కూపులు ప్రొటీన్ పౌడర్ తాగమంది, ఆ డబ్బా కూడా తన దగ్గరే దొరుకుతుందట. షుగర్ ఉన్న మనిషిని క్రియాటినిన్ ఎంత, యూరిన్‌లో ప్రొటీన్ పోతోందా అని అడగకుండా పౌడర్ తాగమనడం ఏం పద్ధతి? ఎన్ఐఎన్ మార్గదర్శకాల్లో కండ పెంచుకోవడం కోసం ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దనే ఉంది. నోటికి ఏమీ పట్టనివాళ్ళకి డాక్టరు చెబితే పౌడర్ తప్పదు, దానికి నేను వ్యతిరేకం కాదు, కానీ అది తూకం చూసి, రిపోర్టు చూసి చెప్పాల్సిన మాట. దాంతో ఆ ఫోన్ నాకొద్దని చెప్పేశాను, ఆ మేరకు నాలుగొందలు తగ్గించారు. మీరూ ముందే అడిగి తీసేయించుకోండి, మీ డాక్టరు దగ్గరే అడగండి.

షుగర్ మాత్రల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది పట్టించుకోవడం లేదు. మనలో ఎక్కువమంది గ్లిమెపిరైడ్ ఉన్న మాత్ర వాడతారు. అది మీరు తిన్నా తినకపోయినా షుగర్ దించుతూనే ఉంటుంది. ఇంజెక్షన్ వల్ల తిండి సగమై, మాత్ర మాత్రం అంతే ఉంటే చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. ఇన్సులిన్ వాడేవాళ్ళకీ అంతే. మా డాక్టరుగారు మొదటి రోజే ఆ మాత్ర సగం చేశారు. మీకు చేయకపోతే మీరే గుర్తుచేయండి. అలాగే పొట్ట పైభాగంలో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి వీపుకి పాకితే అది గ్యాస్ అని సోడా తాగి కూర్చోకూడదు, పాంక్రియాస్‌కో పిత్తాశయానికో ఇబ్బంది అయ్యుండొచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నీళ్ళు, మలబద్ధకం. ఈ రెండూ కలిసే వస్తాయి. అన్నం తగ్గితే అన్నంతో, చారుతో వెళ్ళే నీళ్ళు కూడా తగ్గుతాయి, దాహం కూడా అంతగా వేయదు, పైగా మన ఎండలు. క్యారేజీతోపాటు ఒక సీసా పల్చటి మజ్జిగ పంపుతారు, ఉప్పు, కరివేపాకు, దంచిన అల్లం వేసి. దాన్ని భోజనంతో కాకుండా నాలుగింటికి తాగమంటారు, భోజనంతో తాగితే కడుపులో ఉన్న ఆ కాస్త చోటూ మజ్జిగకే పోతుంది కదా. ఇది చాలా మంచి ఆలోచన. పీచు కోసం ఆకుకూర రోజూ ఉంటుంది గానీ పచ్చి కూరగాయ ముక్కలు గానీ పండు గానీ ఉండవు, జామకాయ నాలుగు ముక్కలు పెడితే ఏం పోతుందని చాలాసార్లు చెప్పాను, కోస్తే నల్లబడతాయంటారు. కాయ కాయే పంపొచ్చు కదా! ప్రస్తుతానికి నేనే కొనుక్కుంటున్నాను. మొదట్లో మలబద్ధకం బాగా ఇబ్బంది పెట్టింది, రాత్రి ఈసబ్‌గోల్ చెంచాడు పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకుంటే తగ్గింది. నీళ్ళు తక్కువ తాగుతూ ఈసబ్‌గోల్ వేసుకుంటే ఇంకా బిగిసిపోతుంది, అది గుర్తుంచుకోండి.

వీళ్ళు చేయలేనిది ఒకటుంది, ఎవరూ భోజనంతో చేయలేనిదే. తగ్గే బరువంతా కొవ్వు కాదు. టిర్జెపటైడ్ మీద 2022లో వచ్చిన పెద్ద అధ్యయనం సర్మౌంట్-1లో 72 వారాల్లో 15 మిల్లీగ్రాముల డోసు వాడినవాళ్ళు సగటున 20.9 శాతం బరువు తగ్గారు. అందులో కొంతమందికి స్కాన్ తీసి చూస్తే, పోయిన బరువులో మూడొంతులు కొవ్వు, పావు వంతు కండ, నీరు లాంటిది. ఆ పావు వంతు యాభై దాటిన ఆడవాళ్ళకి చాలా విలువైనది. ప్రొటీన్ తినడంతోపాటు బరువులు ఎత్తడమో, గోడ పట్టుకుని గుంజీలు తీయడమో, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడమో వారానికి రెండు మూడుసార్లయినా చేయకపోతే ఎంత చికెన్ తిన్నా కండ నిలవదు. అదీ కాక మందు ఆపితే ఆకలి మళ్ళీ వస్తుంది. సర్మౌంట్-4 అనే ఇంకో అధ్యయనంలో 36 వారాల తర్వాత మందు ఆపేసినవాళ్ళు ఏడాదిలో 14 శాతం బరువు మళ్ళీ పెరిగారు. అంటే ఇప్పుడు ఆకలి లేని ఈ నెలల్లో ముందు కూర, తర్వాత పప్పు, చివర్లో అన్నం అనే అలవాటు పడకపోతే రేపు ఆకలి వచ్చిన రోజున పాత కంచమే మళ్ళీ ముందుకొస్తుంది. ఈ క్యారేజీకి నేను డబ్బు కడుతున్నది ఆ అలవాటు కోసమే ఎక్కువగా.

బయట తిండి గురించి వీళ్ళు పెట్టే ఆంక్షలు నాకు సరిగ్గా ఉన్నట్టే అనిపించాయి, అంటే దాదాపు ఆంక్షలే లేవు. ఆదివారం సెలవు, ఆ రోజు ఇంట్లో బిర్యానీ వండుకుంటే ముక్కలు ముందు తిని రెండు గరిటెల అన్నం వేసుకోమంటారు. రంజాన్ నెలలో హలీం తినొచ్చా అని అడిగితే ఒక గిన్నె ముగ్గురు పంచుకోండి, ఇంజెక్షన్ మర్నాడు మాత్రం వద్దు అన్నారు, ఎందుకంటే మాంసం, గోధుమ, పప్పు అన్నీ మంచివే గానీ నెయ్యి ఉంది కదా. పెళ్ళిభోజనాలే కష్టం. విస్తరి ముందు కూర్చున్నాక మా పెద్దత్తయ్య "అదేంటే, ముద్దయినా ముట్టలేదు, ఒంట్లో బాలేదా" అని అందరి ముందూ అడుగుతుంది, వద్దంటే బూరె ఇంకోటి వేయిస్తుంది. దానికి క్యారేజీ వాళ్ళ దగ్గర మందు లేదు. నేనైతే వడ్డన మొదలవగానే పప్పు, పెరుగు అడిగి వేయించుకుని, డాక్టరు మందు వాడుతున్నానత్తయ్యా, ఇంతే తినాలి అని ఉన్నమాట చెప్పేస్తున్నాను. దాచిపెడితే ఇంకా ఎక్కువ వడ్డిస్తారు.

జుట్టు రాలడం గురించి చాలామంది అడుగుతున్నారు. బరువు వేగంగా తగ్గినప్పుడు ఎవరికైనా రాలుతుంది, చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది, కానీ ఐరన్, బి12 తక్కువుంటే అది వేరే సంగతి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకీ, శాకాహారులకీ బి12 తగ్గడం మామూలే, రక్తపరీక్ష చేయించుకుని అడగండి, క్యారేజీ తిని సరిపోతుందిలే అనుకోకండి.

ధర నాన్‌వెజ్ 220, వెజ్ 190, నెల మొత్తానికి కడితే కొంచెం తగ్గుతుంది. మామూలు మెస్ భోజనంతో పోలిస్తే ఎక్కువే, తిండి చూస్తే సగం ఉంటుంది కాబట్టి మా ఇంట్లో మావారు మొదటిరోజు గిన్నె చూసి ఇంతకా అన్నారు. కానీ మామూలు భోజనం తెప్పించుకుని మూడొంతులు పారేసే బదులు ఇదే నయం, పైగా చికెన్, చేప పరిమాణం మెస్‌లో వేసేదానికన్నా ఎక్కువే. మీల్ మేకర్ వేశాక కూడా వెజ్ క్యారేజీకి 190 ఎక్కువే, 160 అయితే న్యాయంగా ఉంటుంది. డెలివరీ నిజాంపేట, మియాపూర్, మూసాపేట దాకా ఉంది, పన్నెండున్నర అంటారు గానీ వర్షం పడితే రెండవుతుంది. షుగర్ మాత్ర వేసుకునేవాళ్ళకి ఈ ఆలస్యం మంచిది కాదు, పక్కన ఉడికించిన గుడ్డో అరటిపండో ఉంచుకోండి. గిన్నెలు మర్నాడు తీసుకెళ్తారు, శుభ్రంగానే ఉంటాయి, ఒకసారి మాత్రం మజ్జిగ సీసా మూత వాసనొస్తే చెప్పాను, సీసాలన్నీ మార్చేశారు.

ఇంట్లో వండుకునే ఓపిక, సమయం ఉన్నవాళ్ళకి ఇది అక్కర్లేదు. కంచంలో ముందు కూర పెట్టుకుని చివర్లో అన్నం పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఒంటరిగా ఉండేవాళ్ళు, ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు, ఆకలి లేదని వంటే మానేసినవాళ్ళు మాత్రం తప్పకుండా చూడండి. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా వద్దు. నెలకి ఒకేసారి కట్టకుండా ముందు ఒక్క రోజుకి తెప్పించుకోవచ్చు, దానికి 250 తీసుకుంటారు. అది కూడా ఇంజెక్షన్ వేసుకున్న మర్నాటికి చెప్పండి, ఎందుకంటే మిగతా రోజుల్లో ఎవరి వంటైనా కాస్తో కూస్తో తినగలం, ఆ రోజు తినగలిగేలా వండితేనే వాళ్ళకి ఈ పని వచ్చినట్టు.